బావి ఈత, ఏటి ఈత

గద్వాల స్టేషన్‌లో బండి కదిలింది, దానితోపాటే దశరథం నోరూ కదిలింది. బండి కదిలేటప్పుడు కిటికీ చువ్వ గట్టిగా పట్టుకోవాలనీ, లేకపోతే మనిషి ముందుకు తూలతాడనీ, ఒకసారి వేగం అందుకున్నాక ఇక భయం లేదనీ పెళ్లానికి విడమరిచి చెప్పాడు. చెబుతూ చెబుతూ తనే ముందుకు తూలి, ఎదుటి బల్ల మీది ముసలాయన మోకాళ్ల మీద రెండు చేతులూ వేశాడు. జోగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. పాపం, ఆయన రైలెక్కడం ఇదే మొదలు. ఆయన ఊరు పానగల్లు దిక్కున రైలెక్కడుంది గనక? నల్లగొండ నుంచి పట్నం దాకా బస్సు, పట్నంలో చుట్టాలింట్లో పడక, పొద్దున్నే కాచిగూడలో ఈ బండి. ఆమేమో ఆలంపూర్ రోడ్ స్టేషన్‌లో ఆగిన ప్రతి బండి వెంటా దోసకాయల గంప నెత్తిన పెట్టుకుని పరుగెత్తిన పిల్ల. కదిలే బండి పక్కన ఉరుకుతూ కిటికీలోకి కాయ అందించడం ఆమెకు నడక వచ్చినంత తేలిగ్గా వచ్చు. ఆ సంగతి చెబుదామని పొద్దున కాచిగూడలో నోరు తెరిచింది కూడా. ఈలోపు ఆయన ఇంజన్‌లో నీళ్లెందుకు పోస్తారో చెప్పడం మొదలుపెట్టాడు. సరే, ఇంజనే ముందు కానీ, దోసకాయలు ఎక్కడికి పోతాయి అనుకుని ఊరుకుంది.

కానీ ఇప్పుడు ఊరుకోవడానికి లేదు. గంట గడిస్తే ఆలంపూర్ రోడ్ వస్తుంది. స్టేషన్‌లో ఆమె అన్న గురవయ్య ఎద్దుల బండి కట్టుకుని నిలబడి ఉంటాడు, అన్న పక్కన అన్న స్నేహితులు ఉంటారు, ఇక మాట ఆమె చేతిలో ఉండదు. ఈ గంటలోనే చెప్పాలి. చెప్పకపోతే రేపు పొద్దున ఈ మనిషి తుంగభద్రలో దూకుతాడు. పెళ్లి మగపిల్లవాడి ఇంటి దగ్గర చేయడం వాళ్ల ఆనవాయితీ, అందుకని పోయినేడు పెళ్లంతా పానగల్లులోనే జరిగింది. నాగవెల్లి అయిన మర్నాడు దశరథం తన బలమేమిటో బామ్మర్దికి చూపిద్దామని పొలం కాడి మోటబావిలో దూకాడు. అడుగు తాకి పిడికెడు బురద పట్టుకుని పైకి తేలితే అందరూ చప్పట్లు కొట్టారు. గురవయ్య ఒక్కడే కొట్టలేదు. “బావా, బాయిల కప్ప గూడ ఈదుతది. మా ఏట్లకు వచ్చిననాడు చూస్తం” అన్నాడు. “అవతలి ఒడ్డు తాకి మళ్ల మీ మెట్ల కాడికే వస్త, చూసుకో” అన్నాడు దశరథం. ఆ మాట పట్టుకుని ఏడాదిగా అన్న కబురు మీద కబురు పంపుతూనే ఉన్నాడు, ఈయన వస్తున్నా వస్తున్నా అంటూనే ఉన్నాడు. కార్తీకంలో అల్లుడు మొదటిసారి అత్తగారింటికి పోవాలని పెద్దలు అన్నారు, అదీ కలిసొచ్చింది. ఇద్దరు మగవాళ్లు మాట ఇచ్చుకున్నారు, ఏటిని మాత్రం ఎవరూ అడగలేదు.

“ఇగో, తుంగభద్ర అంటే రెండు నదులు. తుంగ ఒకటి, భద్ర ఒకటి. రెండు కలిస్తే తుంగభద్ర అయితది. తెలుసా?” అన్నాడు దశరథం. “ఊ” అంది జోగులమ్మ. ఇందాక కృష్ణ వంతెన మీద కూడా ఇంతే. నది అంటే ఏందో తెలుసా అని మొదలుపెట్టి, నీళ్లు ఎత్తున్న కాడి నుంచి వంపున్న కాడికి పోతాయనీ, అట్లా పోయే నీళ్లనే నది అంటారనీ, ఇంటి వెనక గోడకు ఏరు ఆనుకుని ఉన్న ఇంట్లో పుట్టిన ఆడదానికి చెప్పాడు. ఆమెకు నవ్వు రావలసింది, రాలేదు. ఎందుకంటే ఆమె అప్పుడు ఆయన నోరు చూడలేదు, చేతులు చూసింది. చువ్వ పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వంతెన మొదటి స్తంభం నుంచి చివరి స్తంభం దాకా ఆయన ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. అన్ని నీళ్లు ఒక్కచోట, అదీ కదులుతూ ఉండగా, ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పానగల్లులో నీళ్లంటే చెరువు, నీళ్లంటే బావి. ఉన్నచోట ఉండేవి. పోయినెల తనకు చలిజ్వరం వచ్చిన నాడు కూడా ఇట్లాగే మాట్లాడాడు. తడిగుడ్డ నుదుటి మీద వేసి, జ్వరం ఎందుకు వస్తుంది, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎక్కుతుంది, ఎప్పుడు దిగుతుంది అని చెబుతూ మంచం పక్కన కూచున్నాడు, గుడ్డ ఆరితే మళ్లీ తడిపాడు, మళ్లీ చెప్పాడు. ఆ మాటల్లో ఒక్కటీ నిజం కాదని దవాఖాన కాంపౌండరు తర్వాత అన్నాడు గానీ ఆమెకు ఆ గొంతు వింటుంటేనే ఒళ్లు చల్లబడినట్టయింది. ఆయనకు భయమేస్తే మాట్లాడతాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆయనకే తెలియదు. కృష్ణ వంతెన మీద ఆమెకు తెలిసింది.

ఆయన మంచివాడు కాకపోయి ఉంటే ఎంత సుఖంగా ఉండేది! కొట్టేవాడో, కసిరేవాడో అయితే మనసులో నాలుగు తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈయన కసరడు. బొగ్గు నలుసులు కంట్లో పడతాయని కిటికీ వైపు తన తువ్వాల అడ్డం కట్టాడు, కట్టి, బొగ్గు నలుసులు ఎందుకు ఎగురుతాయో చెప్పాడు. వేయించిన పల్లికాయలు కొని గట్టి గింజలన్నీ ఏరి ఆమె ఒడిలో పోశాడు, పోసి, పల్లికాయ భూమి లోపల కాస్తుందని చెప్పాడు. పల్లి చేలో కలుపు తీసి తీసి ఆమె వేళ్లు కాయలు కాచి ఉన్నాయి, ఆ వేళ్లను ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు. అయినా చెప్పాడు. ప్రేమ చూపడమంటే ఎదుటివాళ్లకు తెలియదనుకుని చెప్పడమే అని ఆ ఇంట్లో మగవాళ్లందరికీ ఎవరో చిన్నప్పుడే నూరిపోసినట్టున్నారు. మామ యాదయ్య అయితే ముప్పై ఏళ్లుగా గొడ్లకు కుడితి పెడుతున్న అత్తకు రోజూ పొద్దున కుడితి ఎట్లా పెట్టాలో చెబుతాడు. అత్త అండాలమ్మ ఊ అంటుంది. అత్త ఊ అనడం వినితీరాలి. అవునన్నట్టు ఒక ఊ, నవ్వొచ్చినప్పుడు ఒక ఊ, ఒళ్లు మండినప్పుడు మెత్తగా దూది లాంటి ఒక ఊ. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ ఊలన్నీ విని జోగులమ్మ లోలోపల ఎంత నవ్వుకుందో. ఇప్పుడు తన నోట్లోంచీ అవే వస్తున్నాయి.

నవ్వు పోయింది మాత్రం అత్తతో పల్లికాయలు వొలిచిన ఒక మధ్యాహ్నం. ఇద్దరే ఉన్నారు, వసారాలో చాట ముందేసుకుని. అత్త చేతులు వాటంతట అవే పనిచేస్తున్నాయి. ఉన్నట్టుండి ఆమె వొలవడం ఆపి, “నాకు గూడ ఏదో మస్తుగ తెలిసేది బిడ్డా” అంది. “మా అవ్వగారింట్ల అందరు దాని గురించి నన్నే అడిగేటోళ్లు. పెద్ద పెద్దోళ్లు గూడ వచ్చి అడిగేటోళ్లు. ఏందో… యాదికొస్తలేదు.” పొలం సంగతా అత్తమ్మా, మందుల సంగతా, పాటలా, ముగ్గులా అని జోగులమ్మ ఒక్కొక్కటే అడిగింది. అత్త దేనికీ తల ఊపలేదు. కాసేపు గోడ వైపు చూసి, “పోనీ తియ్యి, ఇప్పుడు దానితోని ఏం పని” అని మళ్లీ చాట లాక్కుంది. ఆ సాయంత్రం జోగులమ్మ బావి కాడికి పోయి నీళ్లలో చెయ్యి పెట్టి, ఏటి సంగతులన్నీ తనకు గుర్తున్నాయా లేవా అని ఒకటొకటిగా చెప్పుకుంది. గుర్తున్నాయి. ఏడాదికే ఎందుకు మరిచిపోతుంది? కానీ ముప్పై ఏళ్లకు?

ఏమిటా సంగతులంటే చెప్పడానికి కూడా ఏమీ ఉండవు, కాళ్లకూ చేతులకూ తెలిసినవి. ఎండాకాలం ఏరు సన్నబడితే నడిమధ్య ఇసుక మీద వాళ్ల నాయిన దోస పాదులు పెట్టేవాడు, పొద్దున్నే పాయ ఈది అక్కడికి పోవాలి, కాయలు కోసి సొరబుర్రలకు కట్టి తేలుస్తూ తేవాలి. ఆమెకు ఈత నేర్పింది అవ్వ, నాయిన తల్లి. చీర గోచి పెట్టి, నడుముకు చెయ్యి ఆనించి, ఒక్కమాట కూడా మాట్లాడకుండా నేర్పింది. పై నీళ్లు పోయే దిక్కు వేరు, అడుగు నీళ్లు పోయే దిక్కు వేరు. మెట్ల ముందర నీళ్లు నిద్రపోతున్నట్టుంటాయి, నాలుగు బారలు పోతే అవే పట్టుకుని గుంజుతాయి. బండ పక్కన నీటి మీద నునుపుగా, నూనె రాసినట్టు కనబడితే అక్కడికి పోకూడదు. ఇవన్నీ ఎవరు చెప్పారని? ఆమె ఒంటికి తెలుసు. పెద్దమనిషి అయినప్పటి నుంచి ఏటికి పోవడం బందయింది. బిందె ముంచుకుని రావడమే, మోకాలి లోతు దాటితే అమ్మ గట్టు మీంచి కేకేసేది. అదే అమ్మ పెళ్లయ్యాక ఒప్పగింతల్లో చెవి దగ్గర నోరు పెట్టి, “ఈత వచ్చని ఆడ చెప్పకు బిడ్డా. తెలిసినా తెలవనట్టే ఉండు. వాళ్లకు మంచిగుంటది” అంది. వాళ్లకు మంచిగానే ఉంది. ఏడాదిగా ఎంత మంచిగా ఉందో!

“మీ ఆమెది ఏ ఊరు బిడ్డా?” అని ఎదుటి ముసలాయన దశరథాన్ని అడిగాడు. పేరు గాలయ్య అట, ఎద్దులు కొనడానికి కర్నూలు పోతున్నాడట, తలకు పెద్ద రుమాలు, చెవులకు పోగులు, దయగల కళ్లు. జోగులమ్మ ఆయన ముందే, మూరెడు దూరంలోనే కూచుని ఉంది. అయినా ఆమె ఊరు ఆమె మొగుణ్ణే అడగాలి కదా. ఆలంపూరే పెద్దయ్యా అన్నాడు దశరథం. అంతే, గాలయ్య ఆలంపూరు గురించి అందుకున్నాడు. జోగులాంబ తల్లి మహిమ, తొమ్మిది బ్రహ్మల గుళ్లు, రెండు రాష్ట్రాలు ఒకటై కొత్త రాష్ట్రం వచ్చినంక అవతలి ఒడ్డు కూడా మనదే అయిన సంగతి, అన్నీ దశరథానికి చెప్పాడు. దశరథం విని, ఇటు తిరిగి, అవే జోగులమ్మకు చెప్పాడు. “తొమ్మిది గుళ్లు ఉంటయంట. తెలుసా?” ఆ గుళ్ల ఆవరణల్లో ఆమె కుంటుడు బిళ్ల ఆడింది, అమ్మవారి పేరే ఆమె పేరు. ఆమె ఊ అంది. అత్త ఊ. దూది లాంటి ఊ. తన గొంతులో అది ఎంత నున్నగా పలికిందో విని ఆమెకే ఒళ్లు జలదరించింది.

కిటికీలో రేగడి చేలు వెనక్కి పోతున్నాయి. జొన్న ఎదిగి ఉంది, మంచె మీద ఎవరో ఒడిసెల తిప్పుతున్నారు. ఇలాంటి కార్తీకంలోనే, వాళ్ల ఊరి మెట్ల కాడ జరిగింది. ఆమె అప్పటికింకా పరికిణీ వేసుకునే పిల్ల. ఎక్కడో మెట్ట ఊరి నుంచి ఏటి స్నానానికి వచ్చిన జంట, ఆయన మంచి ఒడ్డూ పొడుగూ మనిషి, పంచె విప్పి నాలుగు మడతలు పెట్టి మెట్టు మీద పెట్టాడు, దాని మీద కండువా, కండువా మీద ఒక రాయి. నీళ్లలోకి దిగుతూ ఉంటే పిల్ల జోగులమ్మ అరిచింది, ఆడ గుంజుతది, ఇటు దిగు అని. ఊరుకోలేదు, అరిచింది. ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు. కోపం లేని నవ్వు. వంగి మరీ చెప్పాడు, నేను చిన్నప్పటి సంది బాయిల ఈదుతున్న బిడ్డా, నీళ్లు యాడనైనా నీళ్లే, చెయ్యి ఆడాలె అంతే, భయపడొద్దు అని. చెప్పి దూకాడు. బాగానే ఈదాడు. అవతలి ఒడ్డుకు సగం దూరం పోయి వెనక్కి మళ్లాడు, మెట్ల దిక్కు, తన బట్టల దిక్కు. అదే ఆయన చేసిన పొరపాటు. బావిలో ఎక్కడ దూకినవాడు అక్కడికే వచ్చి ఎక్కుతాడు, బావిలో ఇంకో చోటంటూ ఉండదు. ఏట్లో దూకినచోటికి తిరిగి రావాలని చూసేవాడు నీళ్లతో కుస్తీ పట్టాలి, నీళ్లు అలిసిపోవు. ఆయన చేతులు ఆడుతూనే ఉన్నాయి, మనిషి మాత్రం ముందుకు రావడం లేదు. తర్వాత చేతులు కూడా కనబడలేదు. ఆయన భార్య బట్టల పక్కన కూచుని ఉంది. పడవ వాళ్లు ఉరికారు, గురవయ్య వాళ్లు ఉరికారు. ఆమె మాత్రం పిల్ల జోగులమ్మను దగ్గరికి పిలిచి, “ఫికర్ చెయ్యకు, ఇప్పుడొస్తడు. బాయిల గింతసేపు మునిగుంటడు, ఆయన ఊపిరి గట్టిది. నాకు చెప్పిండు” అంది. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది, ఆయన ఎట్లా ఊపిరి పడతాడో, ఎట్లా తేలతాడో, తనకు చెప్పినవన్నీ. పొద్దు గూట్లో పడేదాకా చెబుతూనే ఉంది. జోగులమ్మ ఆమె పక్కనే కూచుని ఊ కొట్టింది, ఇంకేం చేయాలో ఆ పిల్లకు తెలియలేదు.

చెబితే వినడని కాదు భయం. చెప్పింది కదా, గొంతు చించుకుని చెప్పింది కదా ఆనాడు. ఆడపిల్ల గొంతు నీళ్ల మీంచి పోతుంది గానీ మగవాడి చెవిలోకి పోదు. మరి ఎట్లా చెప్పాలి? చెప్పకుండా ఆపే దారి ఒకటుంది, అది ఆమె కడుపులోనే ఉంది. నెల తప్పింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు, అత్తకు కూడా. కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు ఏట్లో ఈదకూడదు, పీనుగను మొయ్యకూడదు, కొత్త ఇంటికి ముగ్గు పొయ్యకూడదు. రైల్లో వంతెన దాటడం గురించి ఆ శాస్త్రం చెప్పినవాళ్లు ఏమీ అనలేదు, రైలు లేదు కాబట్టి. ఆ ఒక్క మాట ఇప్పుడు చెవిలో వేస్తే చాలు. దశరథం ఎగిరి గంతేస్తాడు, అన్న కూడా నోరెత్తడు, అమ్మ మొక్కు చెల్లిస్తుంది, ఎవరి మీసమూ కిందికి దిగదు. రేపు పొద్దున ఆయన చెంబుతో నీళ్లు పోసుకుని ఒడ్డునే కూచుంటాడు. ఎంత తేలిక!

తేలికే. కానీ అప్పుడు ఆయన ఆగేది కడుపులో ఉన్నదాని కోసం. ఆమె మాట కోసం కాదు. ఏటి సంగతి ఇక ఎప్పటికీ చెప్పేది ఉండదు, అవసరమే రాదు. రేపు పుట్టబోయేది కూడా, ఆడదైనా మగదైనా, మా అమ్మకు ఏమీ తెలియదు, నాయినే అన్నీ చెబుతాడు అనుకుంటూ పెరుగుతుంది. ఇంకో ముప్పై ఏళ్లకు ఏదో మధ్యాహ్నం పల్లికాయలు వొలుస్తూ, నాకు గూడ ఏదో తెలిసేది అని కోడలితో అంటుంది జోగులమ్మ. పోనీ ముందు ఏటి సంగతి చెప్పి, వినకపోతే అప్పుడు కడుపు సంగతి చెబితే? అప్పుడు నమ్మడు. నన్ను ఆపడానికి సాకు చెబుతున్నది అనుకుంటాడు, పౌరుషం పొడుచుకొస్తుంది, కావాలని దూకుతాడు. రెండు మాటల్లో ఏది ముందు చెప్పినా రెండోది చచ్చిపోతుంది. పుట్టినప్పటి నుంచి ఇంత లెక్కవేసి నోరు తెరవవలసిన అవసరం ఆయనకు ఒక్కసారైనా వచ్చిందా? ఆమెకు మొదటిసారి ఆయన మీద కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడే ఆయన తువ్వాల జారితే మళ్లీ సరిగ్గా కట్టాడు, ఆమె కళ్ల కోసం. కోపాన్ని కూడా కుదురుగా తెచ్చుకోనియ్యడు ఈ మనిషి.

మనసులో మాటలు కట్టి చూసుకుంది. ఇగో, నేనొకటి చెప్త, కోపం చెయ్యవు కద? ఉహూ, అట్లా మొదలుపెడితే చెప్పు చెప్పు అని ఆమె నోట్లోది లాక్కుని తనే చెప్పేస్తాడు. పెళ్లయిన కొత్తలో ఏమన్న చెప్పు అని అడిగి, ఆమె పెదవులు కదిలేలోపు, నాకు తెలుసు, అవ్వగారిల్లు యాదికొస్తాంది నీకు, ఆడపిల్లలకు గట్లనే ఉంటది అని ఓదార్చాడు. ఆమె చెప్పబోయింది అది కాదు. ఆయన ముక్కు మీద పసుపు అంటిందని చెప్పబోయింది. కల వచ్చిందని చెబితే? కల వస్తే కల ఎందుకొస్తుందో చెబుతాడు. మొక్కు ఉందని చెబితే? అది ఎట్లా తీర్చాలో చెబుతాడు. నీళ్లకు ఎదురు పోతే ఇట్లాగే ఉంటుంది, ఎంత కొట్టుకున్నా అడుగు ముందుకు పడదు. అవ్వ ఏం నేర్పింది? ఎదురు పోకు, వదిలెయ్యి, పోతూ పోతూనే పక్కకు తోసుకో. ఆయన మాట పోయే దిక్కునే పోవాలి. పోతూ ఎక్కడో పక్కకు తొయ్యాలి. ఎక్కడ? బండి వేగం తగ్గిందా? లేదు, వంపు తిరుగుతోంది. ఇంకో స్టేషన్ ఉంది, ఆ తర్వాత తమదే.

“రేపు నేను దిగినప్పుడు నువ్వు భయపడకు” అంటున్నాడు దశరథం. గాలయ్య కూడా తల ఊపుతున్నాడు, ఆడోళ్లకు నీళ్లంటే జర భయమే ఉంటది బిడ్డా, నువ్వే ధైర్యం చెప్పాలె అని. “నువ్వు మెట్ల మీద కూసో. నా బట్టలు చూసుకుంట ఉండు. నేను పోయి వస్త. నీళ్లు యాడనైనా నీళ్లే. అవి ఎట్ల పోతయో తెలుసా?”

నా బట్టలు చూసుకుంట ఉండు అన్నాడు. జోగులమ్మకు ఆ మడత పంచె కనబడింది, దాని మీది రాయి కనబడింది, ఆ పక్కన కూచున్న ఆడమనిషి ముఖం తన ముఖమై కనబడింది. తెలుసా అని ఆయన ఏడాదిగా అడుగుతున్నాడు. అది అడగడం కాదు, ఆయన మాటకు అది తోక. ఎవరూ దానికి జవాబు చెప్పరు.

“తెలుసు” అంది జోగులమ్మ.

దశరథం నోరు తెరిచే ఉంది. చెప్పబోయే మాట నాలుక చివర నిలబడిపోయింది. ఆమె ఆగలేదు, ఆగితే ఇక లేదు. “నాకు తెలుసు. ఆ ఏట్లనే నేను ఈత నేర్చుకున్న. నువ్వు దిగుతానన్న మెట్ల కాడ పైన నీళ్లు నిమ్మలంగ కనబడతయి, లోపల గుంజుతయి. బాయిల ఈదినట్టు ఈదొద్దు. మళ్ల మెట్ల కాడికే వస్త అన్నవు చూడు, అదే వద్దు. మెట్ల కాడికి రావాలని చూసినోడు మునుగుతడు. నేను చూసిన. నీళ్లు ఎటు తీస్కపోతే అటు పోవాలె, పోతపోతనే అడ్డంగ తోసుకోవాలె. యాడ తేలితే ఆడ ఒడ్డెక్కి నడుచుకుంట రావాలె. నాకు భయమైతాంది. నీళ్లంటే కాదు. నీ గురించి.”

ఇంత పెద్ద మాట ఆమె ఏడాదిలో ఆడలేదు. ముందుకు జరిగి కూచుంటే ఒడిలోని పల్లికాయలు కింద పోయాయి. ఆమె వంగి ఏరలేదు. దశరథం ముఖం ముందు ఎర్రబడింది. తర్వాత ఏ రంగూ లేకుండా అయింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. తువ్వాల అడ్డం ఉందని కూడా మరిచి తువ్వాలనే చూస్తున్నాడు. పోయింది, అనుకుంది జోగులమ్మ. పౌరుషం వచ్చింది, ఇక దూకుతాడు. ఇప్పుడు కడుపు సంగతి చెప్పినా నమ్మడు. అమ్మ చెప్పినట్టు ఊరుకుని ఉంటే అయిపోయేది. బండి కూత పెట్టింది. స్టేషన్ ఏదో వచ్చింది, ఎవరో దిగారు, ఎవరో గంపలు ఎక్కించారు, మళ్లీ కదిలింది. ఈసారి చువ్వ పట్టుకోమని ఆయన చెప్పలేదు. ఆయన చెప్పకపోతే ఇంత బెంగగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఏదో ఒకటి చెప్పరాదా, చక్రాలు ఎందుకు గుండ్రంగా ఉంటాయో అదైనా చెప్పరాదా అనిపించింది.

“కృష్ణ దాటేదాక నేను చువ్వ ఇడువలే” అన్నాడు దశరథం, తువ్వాల వైపే చూస్తూ, ఆమెకు మాత్రమే వినబడేంత మెల్లగా. “గన్ని నీళ్లు నేను ఎన్నడు చూడలే. మీ అన్నకు మాటిచ్చిన కద, అనుకున్న. మాటిచ్చినంక ఎట్ల.” గొంతు సవరించుకున్నాడు. ఇక మొదలుపెడతాడు అనుకుంది. మొదలుపెట్టలేదు. ఇటు తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు. “అడ్డంగ తోసుకునుడంటే ఎట్ల?” అన్నాడు.

ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు. అది తోక కాదు. ఆయన ఆగి ఉన్నాడు, కనురెప్ప కొట్టకుండా చూస్తున్నాడు, జవాబు ఆయన దగ్గర లేదు, ఆమె దగ్గర ఉంది. కడుపులో ఉన్న మాట ఇక దేనికీ అడ్డం పడనక్కర్లేదు. దాన్ని ఒక మంచి పూట చూసి, సంతోషం కోసమే చెప్పుకోవచ్చు. కళ్లలో నీళ్లు తిరిగితే బొగ్గు నలుసు పడిందన్నట్టు తుడుచుకుంది.

“అడ్డంగ అంటే ఏం లేదు బిడ్డా” అని గాలయ్య రుమాలు సర్దుకుంటూ ముందుకు వంగాడు, “నేను చెప్త విను, మన ఎడ్లు వాగు దాటేటప్పుడు చూసినవా…”

“జర ఆగు పెద్దయ్యా” అన్నాడు దశరథం. “ఆమె చెప్తాంది.”

గాలయ్య ఆగాడు. ఇద్దరు మగవాళ్లూ ఆమె నోటి వైపు చూస్తూ కూచున్నారు. అట్లా ఎవరైనా తన మాట కోసం కాచుకుని కూచోవడం జోగులమ్మకు కొత్త, ఎక్కడ మొదలుపెట్టాలో వెంటనే తోచలేదు. కొంగు సవరించుకుంది, నిటారుగా కూచుంది.

“మొదలు,” అంది, “గట్టు మీద జరసేపు ఏం మాట్లాడకుంట నిలబడాలె.”

దశరథం నోరు మూసుకున్నాడు.